సొంత వాక్యం రాస్తే మాట సొంతమవుతుందా?

ఇంగ్లీషు పాఠం చివర అచ్చయ్యే ప్రశ్నల్లో ఒకటి తరాలు మారినా మారలేదు: కింది మాటలను సొంత వాక్యాల్లో ప్రయోగించండి. బడి పిల్లలకూ, పోటీ పరీక్షల అభ్యర్థులకూ, విదేశీ చదువుల కోసం కోచింగ్‌లో చేరినవారికీ ఈ అభ్యాసం తప్పదు. వాక్యంలో పెట్టి వాడితేనే మాట వంటబడుతుందన్నది దీని వెనకున్న నమ్మకం. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో తేల్చడానికి భాషా బోధకులు, మనస్తత్వ పరిశోధకులు, నిఘంటుకారులు దశాబ్దాలుగా కృషి చేస్తున్నారు. ఒకరు అవునన్నదాన్ని మరొకరు కాదన్నారు. ఇంకొకరు ఆ ప్రశ్న వేసిన తీరులోనే పొరపాటు ఉందన్నారు. చర్చ చిక్కుపడింది కనుక ఏ వాదం ఎక్కడ పుట్టింది, దేనికి ఎంత ఆధారముంది, ఇంకా తేలనిదేమిటి అన్నవి ఒక వరసలో పెట్టి చూడాలి.

ఇందుకు ‘డెసల్టరీ’ అనే ఒక్క విశేషణాన్ని ఆసరాగా తీసుకుందాం. ఒక తీరూ తెన్నూ లేకుండా, ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి పోతూ, మనసు పెట్టకుండా సాగే పనులకు ఇంగ్లీషులో వాడే మాట ఇది. అరుదైనదే గాని చచ్చిపోయినది కాదు. పత్రికల్లో, నవలల్లో, అమెరికా విశ్వవిద్యాలయాల ప్రవేశానికి రాసే జీఆర్ఈ కోసం అమ్ముడుపోయే మాటల జాబితాల్లో కనిపిస్తూనే ఉంటుంది. సొంత వాక్యం మీద జరిగిన వాదాలన్నిటికీ ఇది మంచి పరీక్ష.

ఒక మాటను దగ్గరగా చూస్తే

దీని మూలం లాటిన్‌లో ఉంది. రోమన్ సర్కస్‌లో పరుగెత్తే గుర్రం మీంచి పక్క గుర్రం మీదికి దూకే రౌతును ‘డెసల్టర్’ అనేవారు. ‘సలీరే’ అంటే దూకడం. రిజల్ట్, ఇన్‌సల్ట్, అసాల్ట్ వంటి మాటల్లో ఉన్నదీ ఆ ధాతువే. పదహారో శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు డెసల్టరీకి అటూ ఇటూ దూకేది, నిలకడ లేనిది అని అర్థం. దాన్నుంచే పద్ధతి లేనిది అన్న అర్థం, ఆ తర్వాత ఉత్సాహం లేనిది అన్న అర్థం వచ్చాయి. నేటి నిఘంటువులు ప్రణాళిక, ఉద్దేశం, ఉత్సాహం ఈ మూడూ లేకపోవడాన్ని ఒకే నిర్వచనంలో చెబుతాయి.

కానీ నిర్వచనం తెలిస్తే చాలదు. ఈ విశేషణం ఏ నామవాచకం పక్కన పడితే ఆ పక్కన నిలవదు. ‘డెసల్టరీ కాన్వర్సేషన్’ అంటే ఇక్కడొక మాట అక్కడొక మాటగా సాగే సంభాషణ. ‘డెసల్టరీ రీడింగ్’ అంటే ఏది చేతికొస్తే అది చదవడం. ‘డెసల్టరీ అప్లాజ్’ అంటే మొక్కుబడి చప్పట్లు. ‘డెసల్టరీ ఫైరింగ్’ అంటే మన పత్రికలు రోజూ రాసే చెదురుమదురు కాల్పులు. నాలుగు చోట్లా ఇంగ్లీషు మాట ఒక్కటే, తెలుగు మాత్రం నాలుగు రకాలు. ఈ నాలుగింటిలో ఒకటే అర్థంగా రాసుకున్న విద్యార్థికి మిగిలిన మూడు చోట్లా దారి దొరకదు.

‘లక్ష్యం లేని’ అని మాత్రమే నేర్చుకున్నవాడు గురి తప్పిన తూటాను ‘డెసల్టరీ బులెట్’ అంటాడు. ‘అరమనసుతో’ అని నేర్చుకున్నవాడు ‘డెసల్టరీ లవర్’ అంటాడు. నిర్వచనం ప్రకారం రెండూ సరైనవే, వాడుకలో రెండూ నప్పవు. ఇక మూడో విద్యార్థి ‘ద మీటింగ్ వజ్ డెసల్టరీ’ అని రాస్తాడు. అందులో తప్పేమీ లేదు. కాని ఆ విశేషణం తీసేసి ‘లాంగ్’ అనో ‘గుడ్’ అనో పెట్టినా వాక్యం అలాగే నిలుస్తుంది. ఈ వాక్యానికి ఉపాధ్యాయుడు టిక్కు పెట్టవచ్చు గాని, రాసినవాడికి మాట తెలుసో తెలియదో మాత్రం చెప్పలేడు. సొంత వాక్యం మీద వాదాలన్నీ ఈ మూడు రకాల వాక్యాల చుట్టూనే తిరుగుతాయి.

జాబితా నుంచి వాక్యం దాకా

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అందరి దృష్టీ ఏ మాటలు నేర్పాలన్న దాని మీదే ఉండేది. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1921లో పదివేల మాటలను వాడుక లెక్కన వరస పెట్టి ఉపాధ్యాయుల కోసం పుస్తకం వేశాడు. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణలో పనిచేసిన మైకేల్ వెస్ట్ బెంగాలీ పిల్లల అవసరాలు గమనించి, వాళ్లకు ముందు కావలసింది ఇంగ్లీషు చదవగలగడమని వాదించాడు. 1935లో ఆయన తెచ్చిన నిఘంటువు 1,490 తేలిక మాటలతోనే మిగతా మాటలన్నిటినీ వివరించింది. 1953లో ఆయన పేరుతో వచ్చిన సుమారు 2,000 మాటల జాబితా దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలకు ఆధారమైంది.

అదే కాలంలో టోక్యోలో ఉన్న హెరాల్డ్ పామర్ దృష్టి మరో వైపు మళ్లింది. విడి మాటల కన్నా జంటగా వచ్చే మాటలే పరాయి భాషవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నాయని గుర్తించి, 1933లో వాటి మీద నివేదిక వెలువరించాడు. ఆయన బాటలోనే నడిచిన ఎ.ఎస్. హార్న్‌బీ, మరో ఇద్దరితో కలిసి 1942లో జపాన్‌లో ఒక నిఘంటువు తెచ్చాడు. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని మళ్లీ అచ్చువేసింది. మన ఇళ్లలో ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీగా తెలిసిన పుస్తకానికి మూలం అదే. క్రియ తర్వాత ఏం వస్తుంది, నామవాచకానికి బహువచనం ఉంటుందా వంటివి చెప్పి, ఉదాహరణ వాక్యాలు విరివిగా ఇవ్వడం దాని ప్రత్యేకత. చదివి అర్థం చేసుకోవడంతో ఆగకుండా రాయడానికీ పనికొచ్చేలా నిఘంటువు ఉండాలన్న ఆలోచనకు ఆ పుస్తకంతో పునాది పడింది.

భారతదేశంలో 1930ల్లో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం ఖాళీలు పూరించడం, వాక్యాలు మార్చడం వంటి అభ్యాసాలను ఇంటింటికీ చేర్చింది. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఏర్పడింది. నేటి ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ) దాని కొనసాగింపే. ఆ రోజుల్లో బోధనలో వాక్య నిర్మాణాలదే పెద్దపీట. ఒక నమూనా వాక్యం ఇచ్చి, అందులో మాటలు మారుస్తూ పదేపదే అనిపించేవారు. ఈ పద్ధతి మీద తిరుగుబాటుగానే ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారత పాఠశాలల్లో బెంగళూరు ప్రాజెక్టు నడిపాడు. పటం చూసి దారి చెప్పడం, రైళ్ల పట్టిక చూసి లెక్క కట్టడం వంటి పనులు ఇచ్చి, పిల్లల ధ్యాస అర్థం మీద ఉన్నప్పుడే భాష నిలుస్తుందన్నాడు. వాక్యం కోసం వాక్యం రాయించడం సరైనదేనా అన్న ప్రశ్న మన గడ్డ మీదా అలా బలంగానే వినిపించింది.

మొదటి వాదం: రాస్తేనే వస్తుంది

కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో చదువుతున్న ఇంగ్లీషు పిల్లలను మెరిల్ స్వెయిన్ పరిశీలించింది. ఏళ్ల తరబడి ఫ్రెంచి విన్నా, చదివినా, మాట్లాడేటప్పుడు రాసేటప్పుడు తప్పులు పోవడం లేదు. వినడం చదవడంతో సరిపోదనీ, నోటితోనో కలంతోనో తానే భాషను తయారు చేసుకోవలసి వచ్చినప్పుడే విద్యార్థికి తన లోటు తెలిసొస్తుందనీ 1985లో ఆమె ప్రతిపాదించింది.

మాటల విషయంలో ఈ ఆలోచనకు కొలబద్ద తయారుచేసినవారు బాట్యా లౌఫర్, యాన్ హుల్‌స్టైన్. ఒక అభ్యాసంలో మాట అవసరం ఎంత కలిగింది, దాని కోసం ఎంత వెతకాలి, అది సరిపోతుందో లేదో ఎంత బేరీజు వేయాలి అన్న మూడింటిని బట్టి ఆ మాట గుర్తుండిపోతుందని 2001లో వాళ్లు వాదించారు. ఈ లెక్కన సొంత వాక్యానికే ఎక్కువ మార్కులు, ఎందుకంటే సందర్భమంతా విద్యార్థే కల్పించుకోవాలి. నెదర్లాండ్స్, ఇజ్రాయెల్ దేశాల్లో చేసిన ప్రయోగాల్లో కొత్త మాటలతో రచన చేసినవారే, ఊరికే చదివినవారి కన్నా ఎక్కువ మాటలు గుర్తుంచుకున్నారు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రచన చేసినవారికి ఎక్కువ సమయం పట్టింది. మాట నిలిచింది రాయడం వల్లనా, దానితో ఎక్కువసేపు గడపడం వల్లనా? తర్వాతి చర్చకంతటికీ ఈ ప్రశ్నే ఇరుసైంది.

రెండో వాదం: చదివితే వస్తుంది

స్టీఫెన్ క్రాషెన్ దీనికి పూర్తి వ్యతిరేకం. అర్థమయ్యే పాఠం విరివిగా చదివితే మాటలు వాటంతటవే వస్తాయని 1980ల్లో ఆయన గట్టిగా వాదించాడు. ఆయన చూపే ఆధారాల్లో 1978 నాటి ఒక ప్రయోగం పేరుపొందింది. ఆంథొనీ బర్జెస్ 1962 నాటి నవల ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ కోసం రష్యన్ మూలాలతో ఒక వింత పరిభాష కల్పించాడు. ఆ మాటల గురించి పరీక్ష ఉంటుందని చెప్పకుండానే కొందరికి ఆ నవల ఇచ్చి చదివించారు. తర్వాత అడిగితే చాలా మాటలకు అర్థం చెప్పగలిగారు.

కాని వాళ్లు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు. చుట్టూ ఉన్న మాటలన్నీ వాళ్లకు తెలుసు. పరాయి భాషగా ఇంగ్లీషు చదివేవారితో ఇలాంటి ప్రయోగాలు చేసినప్పుడు ఫలితం బాగా తగ్గింది. మాతృభాషలో చదివే పిల్లల్లో సైతం ఒక్కసారి తారసపడిన కొత్త మాట నేర్చుకునే అవకాశం ఇరవైలో ఒకటేనని విలియం నాగీ బృందం 1987లో లెక్కకట్టింది. అవకాశం చిన్నదే, కాని లక్షల మాటలు చదివేవారికి ఆ చిన్నదే పెద్ద మొత్తమవుతుందని వాళ్ల ముగింపు. మరోవైపు, సాయం లేకుండా అర్థం చేసుకుంటూ చదవాలంటే పాఠంలో నూటికి 98 మాటలు ముందే తెలిసుండాలని, నవలలకూ పత్రికలకూ ఆ స్థాయి రావాలంటే ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు (ఒకే మూలమాట నుంచి వచ్చే రూపాల గుంపులు) తెలియాలని పాల్ నేషన్ పరిశోధనలు చెబుతున్నాయి.

డెసల్టరీ వంటి మాటకు ఈ లెక్కలు కీలకం. అది ఎప్పుడో ఒకసారి ఎదురవుతుంది. మళ్లీ ఎదురయ్యేలోగా మొదటిది మరుపున పడుతుంది. మామూలు మాటలకు చదువే దారి కావచ్చు. అరుదైన విశేషణాన్ని చదువుకే వదిలేస్తే చాలాకాలం ఎదురుచూడాలి.

మూడో వాదం: ముందు మాట నిలవాలి, తర్వాతే వాక్యం

సొంత వాక్యం మీద సూటిగా దెబ్బ వేసినవాడు జో బార్‌క్రాఫ్ట్. స్పానిష్ అప్పుడే మొదలుపెట్టిన ఇంగ్లీషు విద్యార్థులకు కొత్త మాటలు బొమ్మలతో చూపించి, కొన్నింటికి వాక్యాలు రాయమన్నాడు, కొన్నింటిని ఊరికే చూడమన్నాడు. 2004లో ప్రచురించిన ఫలితం ఉపాధ్యాయుల అంచనాకు ఎదురు తిరిగింది: వాక్యాలు రాసిన మాటలే తక్కువ గుర్తున్నాయి. ఆయన ఇచ్చిన కారణమిది. కొత్త మాట రూపం, అంటే దాని అక్షరాలు, పలుకుబడి, ఇంకా మనసులో కుదురుకోకముందే వాక్య నిర్మాణం మీదికి, భావం మీదికి ధ్యాస లాగితే రూపానికి మిగిలే శ్రద్ధ తగ్గిపోతుంది.

2006లో కీత్ ఫోల్స్ మరో కోణం నుంచి వచ్చాడు. అమెరికాలో ఇంగ్లీషు నేర్చుకుంటున్న విశ్వవిద్యాలయ విద్యార్థులకు కొన్ని మాటలకు ఒక ఖాళీ పూరణ, కొన్నింటికి మూడు ఖాళీ పూరణలు, కొన్నింటికి ఒక సొంత వాక్యం ఇచ్చాడు. మూడు ఖాళీలు పూరించిన మాటలే బాగా నిలిచాయి. ఒక సొంత వాక్యానికీ ఒక ఖాళీ పూరణకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అభ్యాసం ఎంత లోతైనదన్న దాని కన్నా మాటను ఎన్నిసార్లు తలపుకు తెచ్చుకున్నారన్నదే ముఖ్యమని ఆయన తేల్చాడు.

జ్ఞాపకశక్తి పరిశోధన ఈ వాదానికి దన్నుగా నిలిచింది. 2008లో కార్పికీ, రోడిగర్ విద్యార్థులకు స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలు నేర్పారు. ఒకసారి వచ్చాక కూడా మళ్లీ మళ్లీ పరీక్ష పెట్టినవారికి వారం తర్వాత సుమారు 80 శాతం గుర్తుంటే, పరీక్ష ఆపేసి చదువు మాత్రమే కొనసాగించినవారికి మూడో వంతుకు కాస్త ఎక్కువగా గుర్తున్నాయి. విడతలవారీగా అడిగే ఫోన్ యాప్‌లన్నీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

సమయం గురించిన ప్రశ్నకు దగ్గరగా వెళ్లింది స్టూవర్ట్ వెబ్. 2005లో జపాన్ విద్యార్థులతో ఆయన చేసిన రెండు ప్రయోగాల్లో, సమానంగా సమయం ఇచ్చినప్పుడు వాక్యాలు చదివినవారు ముందున్నారు. ఎవరికి ఎంత కావాలో అంత ఇచ్చినప్పుడు వాక్యం రాసినవారు ముందుకొచ్చారు. మొదటి, మూడో వాదాలు రెండూ పాక్షికంగా నిజమేనని చూపిన పరిశోధన ఇది. గంటకు ఎక్కువ మాటలు కావాలంటే రాయించడం ఖరీదైన పద్ధతి. ఒక్కో మాటను గట్టిగా పట్టుకోవాలంటే ఆ ఖర్చు వృథా కాదు.

నాలుగో వాదం: మాటకు దాని తోడే ప్రాణం

నాలుగో వర్గానికి వాక్యం ఎవరు రాశారన్నది రెండో సంగతి, వాక్యంలో ఏ మాటలు కలిసి ఉన్నాయన్నదే మొదటిది. 1920ల్లో లాహోర్‌లో ఇంగ్లీషు ఆచార్యుడిగా పనిచేసి, తర్వాత లండన్‌లో భాషాశాస్త్రాన్ని తీర్చిదిద్దిన జె.ఆర్. ఫర్త్, ఒక మాట ఏయే మాటలతో తిరుగుతుందో తెలిస్తేనే ఆ మాట తెలిసినట్టని 1957లో సూత్రీకరించాడు. బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ దాన్ని కంప్యూటర్‌తో ఆచరణలో పెట్టాడు. లక్షల వాక్యాలు పోగుచేసి, ఒక్కో మాట చుట్టూ ఏమేం వస్తున్నాయో చూసి, 1987లో కోబిల్డ్ నిఘంటువు తెచ్చాడు. అందులో నిర్వచనం సైతం పూర్తి వాక్యమే. ఉదాహరణలు నిపుణులు కల్పించినవి కావు, నిజంగా ఎవరో ఎక్కడో రాసినవి, పలికినవి.

కల్పించిన ఉదాహరణ మంచిదా, అసలైన ఉదాహరణ మంచిదా అన్న ఉపవాదం ఇక్కడే లేచింది. నిజమైన వాక్యంలో అనవసరమైన పేర్లు, తెలియని సందర్భాలు అడ్డం పడతాయి. అర్థం తెలుసుకోవడానికి నిఘంటుకారుడు కూర్చిన వాక్యమే ఎక్కువ ఉపయోగపడిందని 1992లో లౌఫర్ చూపింది. అనా ఫ్రాంకెన్‌బర్గ్-గార్సియా 2014 నాటి పరిశోధనలో రెండు అవసరాలను వేరు చేసింది. చదివి అర్థం చేసుకోవడానికి అర్థాన్ని పట్టిచ్చే ఉదాహరణలు ఒకటికి మించి కావాలి. రాయడానికి మాత్రం పక్కన వచ్చే మాటలను, నిర్మాణాన్ని చూపే ఉదాహరణలు కావాలి. ఒకే ఉదాహరణ రెండు పనులూ చేయడం అరుదు.

నిర్వచనం ఒక్కటే ఇచ్చి వాక్యం రాయమంటే ఏమవుతుందో జార్జ్ మిల్లర్, పట్రీషియా గిల్డియా 1987లో కళ్లకు కట్టారు. అయిదారు తరగతుల అమెరికన్ పిల్లలకు నిఘంటువు ఇచ్చి వాక్యాలు రాయించారు. ‘ఎరోడ్’ మాటకు కోసుకుపోవడం, తినేయడం అన్న వివరణల మధ్య బయట భోంచేయడానికి కూడా వాడే జంటమాట కనిపించడంతో, ఒక పిల్లవాడు తన కుటుంబం తరచూ ఎరోడ్ అవుతుందని రాశాడు. ‘స్టిమ్యులేట్’కు కదిలించడమని చూసి ఒకరు సూప్‌ను స్టిమ్యులేట్ చేయించారు. ‘మెటిక్యులస్’ అంటే చాలా జాగ్రత్తగా ఉండడమని చూసి మరొకరు కొండ అంచు నుంచి పడిపోకుండా మెటిక్యులస్‌గా ఉన్నారు. పిల్లల తెలివికి ఇందులో లోటేమీ లేదు. వివరణలో తమకు తెలిసిన ముక్కను పట్టుకుని, దానితో వాక్యం కూర్చి, ఆ ముక్క స్థానంలో కొత్త మాటను దించారు. డెసల్టరీ బులెట్ పుట్టేదీ సరిగ్గా ఇదే దారిలో. మార్గరెట్ మెక్‌కోన్ 1993లో నిఘంటువు నిర్వచనాలనే పిల్లలకు అర్థమయ్యే వాడుక వివరణలుగా తిరగరాసి ఇస్తే వాక్యాలు మెరుగయ్యాయి. అంటే తప్పు అభ్యాసానిది మాత్రమే కాదు, దాని ముందు మనం ఏమిచ్చామన్నదానిది కూడా.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే

- రాయాలన్న వాదం కోరేది వాడగలిగే శక్తి. దాని బలం, విద్యార్థి లోటును బయటపెట్టడం. బలహీనత, సమయం. పైగా దిద్దేవారు లేకపోతే తప్పే అలవాటవుతుంది.
- చదవాలన్న వాదం కోరేది విస్తృతి. మాట సహజమైన చోట ఎదురవడం దాని బలం. అరుదైన మాటలు చాలినన్ని సార్లు ఎదురుకాకపోవడం బలహీనత.
- ముందు రూపం అన్న వాదం కోరేది నిలకడ. తక్కువ వ్యవధిలో ఎక్కువ మాటలు నిలబెట్టడం దాని బలం. గుర్తున్న మాటను ఎక్కడ వాడాలో చెప్పకపోవడం బలహీనత.
- తోడుమాటల వాదం కోరేది ఔచిత్యం. నప్పే వాక్యాన్ని నప్పని దాని నుంచి వేరుచేసే గుణం దీనికే ఉంది. ఒక్కో మాటకు చాలా ఉదాహరణలు, వాటిని ఏరి ఇచ్చే మనిషీ కావాలి.

ఇలా చూస్తే ఈ నాలుగు వాదాలూ ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు చెప్పడం లేదని తెలుస్తుంది. బార్‌క్రాఫ్ట్ కొలిచింది మొదటి పరిచయంలో మాట రూపం ఎంత నిలిచిందన్నది. లౌఫర్, హుల్‌స్టైన్ కొలిచింది అర్థం ఎంత గుర్తుందన్నది. మిల్లర్, గిల్డియా చూసింది వాడుక నప్పిందా అన్నది. క్రాషెన్ లెక్క ఏళ్ల మీద, ఫోల్స్ లెక్క ఒక తరగతి గది మీద. కొలిచిన వస్తువు వేరైనప్పుడు ఫలితాలు వేరుగా రావడంలో వింత లేదు.

తెలుగు తరగతిలో, కోచింగ్ గదిలో

మన పరిస్థితికి ఈ చర్చతో మూడు చోట్ల నిజమైన ముడి ఉంది.

మొదటిది దిద్దుబాటు. నలభై మంది ఉన్న తరగతిలో పది మాటలిస్తే నాలుగు వందల వాక్యాలు. వాటిని ఒక్కొక్కటిగా చదివి, ఈ విశేషణం ఈ నామవాచకం పక్కన ఎందుకు నప్పదో చెప్పే తీరిక ఏ ఉపాధ్యాయుడికీ ఉండదు. అందుకే గైడ్లు సొంత వాక్యాలను అచ్చువేసి అమ్ముతాయి, పిల్లలు వాటిని బట్టీ పట్టి రాస్తారు. అభ్యాసం పేరు సొంత వాక్యం, జరిగేది ఎత్తిరాత. వాక్యం రాయించడం వల్ల వచ్చే మేలంతా సరిచూసుకోవడంలోనే ఉంది గనుక, సరిచూడని వాక్యాన్ని ఆ పద్ధతి ఖాతాలో వేయడం న్యాయం కాదు.

రెండోది పరీక్షల ఒత్తిడి. జీఆర్ఈ చాలాకాలం వ్యతిరేకార్థాలు, సామ్యాలు అడిగింది. హైదరాబాద్ కోచింగ్ కేంద్రాల్లో మాటల జాబితాలు బట్టీ పట్టే అలవాటు ఆ ప్రశ్నల వల్లే బలపడింది. 2011 ఆగస్టులో పరీక్ష మారి, ఆ రెండూ పోయి మాటల ప్రశ్నలన్నీ వాక్యంలో ఖాళీలు పూరించేవే అయ్యాయి. శాట్ పరీక్ష కూడా 1994లో వ్యతిరేకార్థాలు, 2005లో సామ్యాలు వదిలేసింది. పరీక్ష వాక్యం వైపు జరిగినా, మన తయారీ చాలావరకు ఇంకా జాబితా దగ్గరే ఆగి ఉంది. డెసల్టరీకి ఎదురుగా ఒక తెలుగు మాటో ఇంగ్లీషు పర్యాయపదమో రాసుకుని, అదే చాలనుకుని ముందుకు పోతున్నారు. జాబితాను తిట్టడం తేలిక. కానీ మూడో వాదం చెప్పినట్టు మొదటి మెట్టుగా అది పనికొస్తుంది. ఆ మెట్టు దగ్గరే ఆగిపోవడం వల్లే నష్టం.

మూడోది తెలుగు పాత్ర. ఇంగ్లీషు తరగతిలో తెలుగు వినపడకూడదన్న పట్టుదల చాలా బడుల్లో ఉంది. పరిశోధన దాన్ని బలపరచడం లేదు. 2008లో లౌఫర్, గిర్సాయ్ హీబ్రూ మాట్లాడే బడి పిల్లలకు రెండు భాషల మధ్య తేడాలు వివరించి, అనువాదం చేయించినప్పుడు, ఊరికే చదివినవారి కన్నా, ఖాళీలు పూరించినవారి కన్నా వాళ్లే మాటలను, జంటమాటలను బాగా నేర్చుకున్నారు. మొక్కుబడి చప్పట్లు, చెదురుమదురు కాల్పులు, పిచ్చాపాటి కబుర్లు అన్న మూడింటినీ ఒకచోట పెట్టి, ఇంగ్లీషులో వీటన్నిటికీ ఒకే విశేషణం నప్పుతుందని చూపిస్తే, తెలుగు విద్యార్థికి ఆ మాట హద్దులు పది నిర్వచనాల కన్నా త్వరగా తెలుస్తాయి. తెలుగు బాగా వచ్చినవారికి ఇది పెద్ద బలం. దాన్ని తరగతి బయట వదిలి రమ్మనడం విద్యార్థికి అన్యాయం చేయడమే.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. మొదటిది వ్యవధి. ఎక్కువ ప్రయోగాలు వారం పది రోజుల తర్వాత పరీక్ష పెట్టి ఆగాయి. ఒక సొంత వాక్యం ఏడాది తర్వాత మేలు చేస్తుందా అన్నది అంత గట్టిగా తేలలేదు. రెండోది స్థాయి. బార్‌క్రాఫ్ట్ విద్యార్థులు కొత్తవాళ్లు, లౌఫర్, హుల్‌స్టైన్ విద్యార్థులు అప్పటికే పైస్థాయికి చేరినవాళ్లు. ఏ స్థాయి దగ్గర రాయడం భారం కావడం మాని బలం అవుతుందో ఎవరూ గీత గీయలేకపోయారు. మూడోది మాట స్వభావం. బొమ్మ వేసి చూపగల నామవాచకంతో చేసిన ప్రయోగం, డెసల్టరీ లాంటి నైరూప్య విశేషణానికి ఎంతవరకు వర్తిస్తుంది? బొమ్మ వేయలేని మాటకు సందర్భమే బొమ్మ కనుక, వాక్యం అవసరం ఇక్కడ ఎక్కువే కావచ్చు.

నాలుగోది కొత్తగా వచ్చిన ప్రశ్న. కృత్రిమ మేధ ఇప్పుడు అడిగిన మాటతో క్షణంలో ఇరవై వాక్యాలు ఇస్తుంది, రాసిన వాక్యాన్ని దిద్దుతుంది కూడా. దిద్దేవారి కొరతకు ఇది జవాబు కావచ్చు. వెతకడం, బేరీజు వేయడం అనే శ్రమే మాటను నిలిపేదైతే, ఆ శ్రమ యంత్రం మీద పెట్టినప్పుడు విద్యార్థికి మిగిలేది ఎంత అన్నదీ అంతే న్యాయమైన సందేహం. అయిదోది అన్నిటికన్నా మౌలికమైనది: అరుదైన విశేషణం మీద ఇంత సమయం పెట్టాలా? ఎనిమిది వేల పదకుటుంబాల మెట్టు దాటనివారికి సాధారణ మాటలే ముందు అవసరమన్నది నేషన్ వంటివారి మాట. ఆ మెట్టు దాటి, చదివిన ప్రతి వ్యాసంలోని ఛాయను పట్టుకోవాలనుకునేవారికి ఈ మాటలే అసలు ఆస్తి.

ఇప్పటికి నిలిచేది

తేలనివి ఎన్ని ఉన్నా, ఒక క్రమం మాత్రం ఈ పరిశోధనలన్నిటికీ సరిపోతుంది. మొదట మాట రూపం, ఒక ముఖ్యార్థం బట్టీ పట్టినా సరే నిలవాలి, రెండు మూడు రోజుల ఎడంతో తలపుకు తెచ్చుకోవాలి. తర్వాత ఆ మాట నిజంగా తిరిగే వాక్యాలు నాలుగైనా చదవాలి, పక్కనున్న నామవాచకాలు రాసుకోవాలి, వాటిని తెలుగులో ఏమంటామో పోల్చుకోవాలి. సొంత వాక్యం ఆ తర్వాత. అప్పుడు కూడా ప్రశ్న మారాలి. ‘డెసల్టరీతో వాక్యం రాయండి’ అనడం కన్నా ‘ఒక సంభాషణ ఎందుకు డెసల్టరీగా సాగిందో చెప్పే వాక్యం రాయండి’ అంటే, ‘ద మీటింగ్ వజ్ డెసల్టరీ’ అని తప్పించుకునే వీలుండదు. పది మాటలకు పది వాక్యాలు రాయించి వదిలేసే బదులు, రెండు మాటలకు రెండు వాక్యాలు రాయించి ఆ రెండింటినీ తరగతిలో అందరి ముందు చర్చిస్తే దిద్దడమూ సాధ్యమే.

సొంత వాక్యం చెడ్డ అభ్యాసమని ఈ పరిశోధనలేవీ చెప్పడం లేదు. దాన్ని తప్పు చోట, తయారీ లేకుండా, దిద్దుబాటు లేకుండా వాడుతున్నామని చెబుతున్నాయి. మాటతో పరిచయానికి దాన్ని మొదటి మెట్టు చేస్తే పిల్లలు తడబడతారు. చివరి మెట్టు చేస్తే, నేర్చుకున్నది నిజంగా వచ్చిందో లేదో పిల్లలకూ ఉపాధ్యాయుడికీ ఒకేసారి తెలుస్తుంది. పాఠ్యపుస్తకాలు రాసేవారు ఈ ఒక్క మార్పు చేసినా, ఆ పాత ప్రశ్న దాని పేరుకు తగిన పని చేస్తుంది.